ఊపిరి గుండీ

రైలు మ్యూజియం, కుట్టుపని గది
సోమవారం

వదినకు,

కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కిన మహారాణికి ఆడపడుచు దండాలు. కట్టు విప్పేదాకా మెట్లు దిగొద్దన్నాడట డాక్టరు. నీ కాళ్ళు ఆగితే నోరు రెండింతలు ఆడుతుందని ఆయనకేం తెలుసు? నీ కింది వాటాలో ఉండే టీచరమ్మను తలుచుకుంటేనే జాలేస్తోంది నాకు.

మీ బుడ్డోడు నా ఇంట్లో హాయిగా ఉన్నాడు. గుమ్మం తగలకుండా తల వంచుకుని నడిచే మనిషిని పట్టుకుని ఇంకా బుడ్డోడేంటత్తా అని అలుగుతాడు. అలిగినా కంచం ఖాళీ చేసే లేస్తాడు. అంతా అన్నయ్య పోలికే.

ఇంక అసలు సంగతి. ఎలాగూ పడుకునే ఉన్నావు కాబట్టి పడిపోతావన్న భయం లేదు, చెప్పేస్తున్నా. చిలకబండిని బయటికి తీశారు. అవును, అన్నయ్య నడిపిన ట్రామే. డిపో మూసేశాక ఇక్కడికి తెచ్చి, టార్పాలిన్ కప్పి మూల పడేశారు కదా, ఇన్నేళ్ళూ పావురాలే దాని ప్రయాణికులు. ఇప్పుడు మోటార్లకు కొత్త తీగ చుట్టారు. పాత రంగు గీకుతుంటే ఎరుపు కింద పసుపు, పసుపు కింద బూడిద, దాని కింద మన చిలకపచ్చ బయటపడింది. షెడ్డులో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. ఇనుము మీద ఇంత ప్రేమేంటమ్మా అన్నాడు పెయింటరు. ఇనుము కాదురా, మా అన్నయ్య అన్నాను.

షెడ్డు నుంచి గుట్ట మీది పాత నీళ్ళ టాంకు దాకా పట్టాల మీదుగా కరెంటు తీగ లాగారు. బండి అక్కడికి ఎక్కి, మళ్ళీ వాలు దిగి మ్యూజియం గేటు ముందు ఆగుతుంది. టిక్కెట్ల కిటికీ అక్కడే, జనం వరస కట్టేదీ అక్కడే. సీట్లకు తోలు, కిటికీలకు తెరలు, నిలబడేవాళ్ళు పట్టుకునే తోలు ఉంగరాలు, అన్నీ నా చేతి మీదుగానే. డిపోలో పనిచేసే రోజుల్లో ఈ బండి సీట్లు కుట్టింది కూడా నేనే కదా.

ఇక నడిపేదెవరనుకున్నావు? నీ కొడుకే! తండ్రి బండిని కొడుకు నడిపితే జనం విరగబడతారని మా పెద్దసారు ఆశ. అన్నయ్య నిలబడ్డ చోట వాడు నిలబడితే కళ్ళారా చూసుకోవాలని నా ఆశ.

జవాబు రాయి. తిడుతూ రాసినా ఫరవాలేదు.

నీ ఆడపడుచు

*

మేడ మీది గది, పోస్టాఫీసు వీధి
గురువారం

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. వద్దు.

సీట్లు కుట్టుకో, తెరలు కట్టుకో, ఆ బండిని పట్టుకుని ఎంత ఏడవాలనుంటే అంత ఏడువు. నా కొడుకును మాత్రం దాని మీదికి ఎక్కించకు. అంత పెద్ద షెడ్డులో ఇంకో బండే లేదా? వాడు గేటు దగ్గర కూర్చుని టిక్కెట్లు చింపుకున్నా నాకు నామోషీ లేదు.

ఎందుకంటావు. ఆ బండి వాళ్ళ నాన్నను తీసుకుపోయింది, ఇంతకంటే కారణం కావాలా? లైను చివర అడ్డుదిమ్మ విరగ్గొట్టుకుని గోడలోకి దూసుకుపోయిన బండి అది. ఆ గోడ వెనకే మా క్వార్టరు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. నువ్వు అంత త్వరగా ఎలా మర్చిపోయావో నాకు అర్థం కాదు.

నేను రాస్తే అమ్మకి భయమని నవ్వి జేబులో పెట్టుకుంటాడు. నువ్వు చెబితే వింటాడు. చెప్పు.

ఆ హ్యాండిలు పాతదేనా, మార్చారా? ఇది మాత్రం మర్చిపోకుండా రాయి.

వదిన

*

రైలు మ్యూజియం, కుట్టుపని గది
మంగళవారం

వదినకు,

నీ తిట్లు నాకు కొత్త కాదు గానీ, త్వరగా మర్చిపోయావన్న మాట గుచ్చుకుంది. నీకు మొగుడు కాకముందు ఆయన నాకు అన్నయ్య. ఆ బండి పక్కన కూర్చుని అన్నం తింటున్నానంటే మర్చిపోయి కాదు, మర్చిపోలేక.

అయినా బండికి పగ ఉంటుందా? తాడును చూసి పామనుకుంటే ఎలా? విచారణలో ఏం తేలింది? గుండీ కింది స్ప్రింగు పట్టేసింది, అది పైకి లేవలేదు, అందుకే బండి ఆగలేదు. హ్యాండిలు పాతదే, కానీ స్ప్రింగు కొత్తది. పెద్దసారు ప్రాణం తీసి మరీ గట్టిది వేయించాను. అన్నయ్య విషయంలో జరిగింది వీడి విషయంలో జరగనిస్తానా?

నిన్న బడిపిల్లలొచ్చారు. మనవాడు వాళ్ళకు చెప్పే తీరు నువ్వు చూడాల్సింది. "హ్యాండిలు మీద గుండ్రంగా ఈ బొడిపె చూశారా? దీన్ని ఊపిరి గుండీ అంటారు. అరచేత్తో నొక్కి పట్టుకున్నంతసేపే బండి నడుస్తుంది. డ్రైవరు నిద్రపోయాడనుకోండి, కళ్ళు తిరిగి పడ్డాడనుకోండి, చెయ్యి జారిపోతుంది, గుండీ పైకి లేస్తుంది, కరెంటు తెగి బ్రేకు పడుతుంది. చూస్తారా?" అని చెయ్యి గాల్లోకి ఎత్తేశాడు. బండి టక్కున ఆగింది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఒకటే చప్పట్లు. మళ్ళీ చెయ్యన్నా, మళ్ళీ చెయ్యన్నా అని గోల. వాడూ సిగ్గు లేకుండా చేస్తూనే ఉన్నాడు.

స్ప్రింగు గట్టిది కావడంతో సాయంత్రానికి ఎడమ భుజం లాగేస్తోందంటున్నాడు. హ్యాండిలు ఎడమచేతికే కదా. నూనె రాసి పడుకోబెడుతున్నా. నీకు ఉత్తరం రాయడం లేదని కోపం తెచ్చుకోకు, కుడిచేత్తో రాయొచ్చు కదా అని నేనూ అడిగాను, నవ్వేసి వెళ్ళిపోయాడు.

భయపడకు. మేనత్తను, కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకుంటున్నా.

నీ ఆడపడుచు

*

మేడ మీది గది
శనివారం

అమ్మాయ్,

గుచ్చుకుందన్నావు. గుచ్చాలనే రాశాను, ఇప్పుడు బాధగా ఉంది. ఆ మాట తీసేసుకుంటున్నా.

ఎడమ భుజమని రాశావు. అది గుండీ నొక్కడం వల్లేనా? సెలవురోజు కూడా నొప్పి ఉంటుందా? మెట్లెక్కితే ఆయాసం ఉందా? చల్లకొచ్చి ముంత దాచినట్టు రాయకు, ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ అన్నయ్యకూ ఆఖరి ఏడాది ఎడమ భుజమే. స్ప్రింగు బిరుసన్నాడు, తలగడ ఎత్తన్నాడు, నేను పెట్టే పోరన్నాడు. డిపో మెట్లెక్కుతూ సగంలో ఆగి బూటు లేసు కట్టుకునేవాడు. రోజూ సరిగ్గా అక్కడే ఊడే లేసేమిటో ఆ రోజుల్లో నాకు తట్టలేదు. భార్యనై ఉండి కనిపెట్టలేకపోయాను.

వాణ్ణి వెంటనే డాక్టరుకు చూపించు. వారం ఆగుదాం, పది రోజులాగుదాం అనకు.

నేను వద్దంటే ఆగే దశ దాటిపోయిందని తెలుస్తూనే ఉంది. నీ రాత నిండా ఉత్సాహమే. అందుకని ఒక్కటే అడుగుతున్నా. ఆ గుండీని చేత్తోనే నొక్కమను. చెయ్యి పడిపోయేలా ఉన్నా సరే, చేత్తోనే. ఎందుకని అడక్కు. నామీద ఏమాత్రం గౌరవమున్నా అడక్కు.

వదిన

*

రైలు మ్యూజియం, కుట్టుపని గది
బుధవారం

వదినకు,

ఆదివారమే ప్రారంభం! గేటుకు తోరణాలు కట్టారు, బ్యాండు వాళ్ళను పిలిచారు, మొదటి రెండు ట్రిప్పులూ బడిపిల్లలకే. చిలకబండి పెళ్ళికూతురిలా ఉంది. నా తోలు సీట్లు చూసి పెద్దసారు, కూర్చోవాలంటే మనసు రావడం లేదమ్మా అన్నారు. నిలబడండి సార్, ఉంగరాలు కూడా నేను కుట్టినవే అన్నాను.

నువ్వు లేసుల సంగతి రాశావు కదా, చదివి ఊరుకున్నా. మొన్న టాంకు మెట్ల మధ్యలో వీడు వంగి కూర్చున్నాడు. ఏంట్రా అంటే లేసత్తా అన్నాడు. సరేనని నాలుగు మెట్లెక్కాక వెనక్కి తిరిగి చూశాను. వాడివి లేసుల్లేని బూట్లు వదినా.

నవ్వులాటకేమో. అంతకుముందు వారం షెడ్డులో కాస్త తూలాడు కూడా, ఎండదెబ్బ అన్నాడు, నీకు రాయొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఇదిగో, ఒట్టు తప్పి రాసేశా, నాకేమైనా అయితే నీదే పూచీ. ఆదివారం గడవనీ, సోమవారం చెవి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్తా. ముందే తీసుకెళ్తే వద్దంటారేమోనని వాడి భయం. ఇన్నాళ్ళు కష్టపడ్డాడు, ఆ ఒక్క రోజూ వాడి నోటి దగ్గర కూడు లాగేసుకోలేను.

చేత్తోనే నొక్కమన్నావు. చెయ్యి పట్టనివాడికి ఆ మాట ఎలా చెప్పను? వాడు పళ్ళు బిగించి గుండీ నొక్కుతుంటే చూడలేకపోయాను. అందుకని అన్నయ్యకు చేసినట్టే చేశా. గుర్తుందా, అన్నయ్యకు భుజం నొప్పని మధ్యాహ్నం తిండి మానేసి తోలు పట్టీ కుట్టిచ్చాను. గుండీని నొక్కి, మీదుగా పట్టీ లాగి, హ్యాండిలు మెడకు తగిలిస్తే చాలు, అది పైకి లేవదు, చెయ్యి ఊరికే పెట్టుకుంటే సరిపోతుంది. మా చెల్లి నాకు మూడో చెయ్యి ఇచ్చిందని డిపో అంతా చూపించుకు తిరిగాడు. ఆ రోజుల్లో డ్రైవర్లందరూ ఏదో ఒక గుడ్డో తాడో కట్టినవాళ్ళే, ఇన్‌స్పెక్టరు కనబడితే విప్పి జేబులో పెట్టుకునేవాళ్ళు. పాపం, ఆ మధ్యాహ్నం పట్టీ ఇంట్లో మర్చిపోయాడు. ఆ నొప్పితో ఎంత అవస్థ పడ్డాడో ఏమో.

ఉంగరాలకు తెచ్చిన తోలులో ముక్క మిగిలింది. మైనం పట్టించిన దారం, రెండు వరసల కుట్టు. ఏనుగు లాగినా ఊడదు. ఇచ్చాక వాడి ముఖం చూడాలి! పెద్దసారుకు చెప్పలేదులే. ఆదివారం వాలు మీద అదే వాడతాడు.

నీ ఆడపడుచు

*

మేడ మీది గది
శనివారం, పొద్దున

అమ్మాయ్,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. టీచరమ్మ చేత మీ ఆఫీసుకు ఫోను చేయించాను. రేపు బండి నడపనివ్వొద్దని చెప్పించాను. ప్రతి డ్రైవరు తల్లీ ఇలాగే అంటుందని ఎవరో నవ్వి పెట్టేశారు. పట్టీ మాట పరాయివాళ్ళతో చెప్పించలేను, చెప్పినా వాళ్ళకు అర్థం కాదు. నేను మెట్లు దిగలేను. ఈ కవరును టీచరమ్మ మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తుంది, రేపు తెల్లారగానే నీకు అందించమని బతిమాలుతుంది. అందుతుందో లేదో. అందితే, చదువుతూనే లే. మిగతాది నడుస్తూ చదువు. ఆ పట్టీ కోసెయ్.

మీ అన్నయ్య ఆ రోజు పట్టీ మర్చిపోలేదు. మర్చిపోయాడన్న మాట నేను పుట్టించింది.

గోడ కూలిన చప్పుడుకు ముందుగా పరిగెత్తింది నేను. టిక్కెట్లు కొట్టే ఆయన వెనక గుమ్మంలో కూలబడి ఉన్నాడు, ఆయనకేం కాలేదు. మీ అన్నయ్య హ్యాండిలు మీద వాలిపోయి ఉన్నాడు. చెయ్యి కిందికి వేలాడుతోంది. గుండీ మాత్రం లోపలికి నొక్కుకునే ఉంది, దాని మీద నీ పట్టీ. మోటారు ఇంకా మూలుగుతూనే ఉంది అమ్మాయ్. చనిపోయిన మనిషి చేతిలో బండి నడుస్తూనే ఉంది.

గోడ తగలకముందే గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆస్పత్రి మలుపు దగ్గరే వాలిపోయాడట. బండి ఆస్పత్రి గేటు ముందు నుంచే వెళ్ళింది. గేటు కాపలా అతను చూశాడు, డ్రైవరు తల వాల్చి కునుకు తీస్తున్నాడనుకున్నాడు. అక్కడ ఆగి ఉంటే ప్రాణం నిలబెట్టేవాళ్ళమని డాక్టరు నాతో ఒక్కదానితోనే అన్నాడు.

జనం వచ్చేలోగా పట్టీ ఊడదీసి నా గుడ్డల్లో దోపుకున్నాను. గుండీ పైకి లేచింది, మోటారు ఆగింది. విచారణలో పట్టీ ఇంట్లో మేకుకు వేలాడుతోందని చెప్పి చూపించాను. అందుకే వాళ్ళు స్ప్రింగు మీదికి తోశారు. ఆయన పరువు కోసమని అప్పుడు అనుకున్నా. కాదు. నీ కోసం. శవం మీద పడి ఏడుస్తున్న నిన్ను చూశాను. నీ చేతి కుట్టే ఆయన్ను గేటు దాటించిందని తెలిస్తే నువ్వు బతకవనిపించింది. అందుకే నోరు మూసుకున్నా. రేపటి అవసరం రాకపోతే నాతోనే కట్టెల్లో కాలిపోయే మాట ఇది.

నమ్మవేమోనని పట్టీని ఈ కవర్లోనే పెడుతున్నా. నీ కుట్టు నీకు తెలీకుండా ఉండదు.

ఆ భుజం, ఆ లేసు, ఆ తూలడం. వాడి గుండె వాళ్ళ నాన్న గుండే. వాడి చెయ్యి జారితే బండి ఆగాలి. కింద గేటు ముందు జనం నిలబడి ఉంటారని నువ్వే రాశావు.

పరిగెత్తు.

వదిన

*

ఆస్పత్రి, మగవాళ్ళ వార్డు బయట బల్ల
మంగళవారం

వదిన గారికి,

మీ కవరు అందింది. బస్సు డ్రైవరు ఇంటికి తెచ్చిచ్చేసరికి నేను తల దువ్వుకుంటున్నాను. మీ కొడుకు అప్పటికే షెడ్డుకు వెళ్ళిపోయాడు.

కవరు చింపగానే ముందు పట్టీ ఒళ్ళో పడింది. ఉత్తరం చదవకముందే అది నాదని తెలిసింది. చెమటకు నల్లబడింది గానీ ఒక్క పోగు ఊడలేదు. నా పనితనం అంత గొప్పది.

జడ వేసుకోకుండా పరిగెత్తాను. బ్యాండు మోగుతోంది, పిల్లలు సీట్లలో కూర్చున్నారు, పెద్దసారు మాట్లాడుతున్నారు. ఎక్కి, బ్లేడుతో పట్టీ కోశాను. కొయ్యడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు, రెండు వరసలు కదా. వాడు ముఖం ఎర్రగా చేసుకుని, అందరి ముందూ పరువు తీశావత్తా, దిగు అన్నాడు. నువ్వూ దిగరా, ఈ బండి నడపొద్దని కాళ్ళు పట్టుకున్నాను. ఎవరో నన్ను కిందికి దింపేశారు. పెద్దావిడ కంగారు పడుతోందని నవ్వారు కూడా.

మొదటి ట్రిప్పు బాగానే సాగింది. వచ్చి ఆగాక నావైపు చూసి, ఏమైంది ఇప్పుడు అన్నట్టు కనుబొమలెగరేశాడు. పిచ్చిదాన్నైనందుకు ఎంత సంతోషించానో.

రెండోసారి గుట్ట దిగుతూ, టాంకు మలుపు దాటాక బండి టక్కున ఆగింది. కింద వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ కనబడుతోంది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. తర్వాత చప్పట్లు కొట్టారు వదినా. వాడు మళ్ళీ ఆ ఆట ఆడుతున్నాడనుకున్నారు. మళ్ళీ చెయ్యన్నా అని ఒకటే కేకలు. ఆ చప్పట్లు వింటూ నేను వాలెక్కుతూ పరిగెత్తాను. చప్పట్లు ఆగేసరికి వాళ్ళ పంతులుగారు ముందుకెళ్ళి చూశారు.

ప్రాణముంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు. కళ్ళు తెరిచి మొదట అడిగింది ఆగిందా అని. ఆగిందిరా అన్నాను. పక్కకు తిరిగి పడుకున్నాడు. గండం పూర్తిగా గడిచిందని ఇంకా ఎవరూ అనడం లేదు. పూర్తిగా నయమయ్యేదాకా పడుకుని ఉండాల్సిందే, బండి మాట జన్మలో ఎత్తొద్దన్నారు.

ఇప్పుడు నా మాట. మీరు నాకు అప్పుడే చెప్పి ఉంటే నేను వీడికి కుట్టేదాన్నా? నన్ను కాపాడానంటున్నారు. ఆ కాపాడడం వీడి మెడ మీదికి వచ్చింది. నేనూ వాడి తూలడం దాచాను, నాకు మిమ్మల్ని అనే హక్కు లేదు, అయినా అంటున్నాను. ఎవరినో ఒకరిని అనకపోతే ఈ బల్ల మీద కూర్చోలేను.

ఇంకొకటి అడగాలి. అన్నయ్య పోయాక కూడా మీ బట్టలన్నీ నేనే కుట్టాను. కొలతలకు వచ్చి నా ముందు చేతులు చాచి నిలబడేవారు. నేను కుట్టినవి ఏ మనసుతో తొడుక్కున్నారు?

కోసిన పట్టీ, కొయ్యని పట్టీ రెండూ నా సంచిలో ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలీడం లేదు. ఇంక సూది పట్టను.

మరదలు

*

మేడ మీది గది
గురువారం

అమ్మాయ్,

నన్ను మీరు అని రాశావు. చదువుతుంటే ఎవరికో వచ్చిన ఉత్తరం నేను విప్పినట్టుంది. ఈ ఒక్కసారికి ఊరుకుంటున్నా.

అను. ఎంత అనాలనుంటే అంత అను. చెప్పకపోవడం తప్పే. నిన్ను కాపాడుతున్నానని నా కొడుకును పణం పెట్టానని నాకు ఆ ఉత్తరం రాస్తుంటేనే తెలిసింది.

ఏ మనసుతో అని అడిగావు. మీ అన్నయ్యను ఇంటికి తెచ్చిన రోజు నా ఒంటి మీదున్నవి నువ్వు కుట్టినవే. నీ కుట్టు మీద కోపమొస్తే ఆ రోజే విప్పి పారేసేదాన్ని. రాలేదు. ఆయన నొప్పి చూడలేక కుట్టావు. వీడి నొప్పి చూడలేక కుట్టావు. నీకు చెప్పాల్సింది చెప్పనిది నేను.

ఆ రెండు పట్టీలూ పారెయ్యకు. నేను వచ్చాక చూద్దాం. రేపు టీచరమ్మ తమ్ముళ్ళు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుతామన్నారు, పడేస్తే ఇంకో కాలు కూడా కట్టించుకుని అదే ఆస్పత్రికి వస్తా. నా దుప్పటి అంచు ఊడింది, సంచిలో పెట్టుకున్నాను. సూది పట్టనంటే ఒప్పుకోను.

నేను వచ్చేదాకా వార్డు బయట బల్ల మీద కూర్చోకు. లోపలికి వెళ్ళు, వాళ్ళు పొమ్మన్నా పోకు. వాడి ఎడమచెయ్యి నీ చేత్తో పట్టుకుని కూర్చో.

వదిన